"అమ్మయ్య, మనకు ఆ గతి లేదు" అనుకోవడం కృతజ్ఞతేనా?

 

పోయిన వారం వీడియోలో సేవ గురించి మాట్లాడుకున్నాం కదా. ఆ తర్వాత కూడా ఒక ప్రశ్న నన్ను వదల్లేదు. మన వీడియోలు చూసేవాళ్లలో చాలామంది హైదరాబాద్, బెంగళూరు, చెన్నైలలో చదువుకుంటున్నవాళ్లు, ఉద్యోగాలు చేస్తున్నవాళ్లు. కాలేజీ అయిపోగానే, లేదంటే రెండు ఉద్యోగాల మధ్య దొరికిన ఖాళీలో, నేపాల్‌కో కెన్యాకో కంబోడియాకో వెళ్లి రెండు వారాలు పేద పిల్లలకు పాఠాలు చెప్పి రావాలన్న కోరిక ఇప్పుడు చాలామందికి ఉంది. అక్కడి పేదరికం కళ్లారా చూస్తే దేవుడు మనకెంత ఇచ్చాడో తెలుస్తుంది, కృతజ్ఞత పెరుగుతుంది అని చెప్తుంటారు.

నిజంగా పెరుగుతుందా? పెరిగితే అది ఎలాంటి కృతజ్ఞత? ఈ వారం పాఠం అదే.

ఇది పుస్తకంలోంచి తీసిన ప్రశ్న కాదు, మా ఇంట్లో వచ్చిందే. మా పిన్ని కొడుకు బెంగళూరులో పని చేస్తాడు. నేపాల్ వెళ్లి ఒక అనాథాశ్రమంలో రెండు వారాలు సేవ చేయాలని డబ్బు పక్కన పెట్టుకున్నాడు. మా పిన్ని ఒకటే మాట: "పేదోళ్లను చూసేదానికి ఫ్లైట్ ఎక్కాల్నా రా? మన రేణిగుంట టేషన్లో దిగి చూడు, చాలు." వాడికి కోపం, ఆమెకు బాధ. ఇద్దరూ నాకే ఫోన్ చేశారు. ఇద్దరి మాటా విన్నాక నాకు ఒకటి అనిపించింది. వాడు దూరం పోయి చూస్తానంటాడు, ఆమె దగ్గరే చూడమంటుంది. కానీ ఇద్దరూ మాట్లాడేది "చూడటం" గురించే. సేవకు అసలు ప్రశ్న అది కాదు.

పోలిక వేరు, ఎరుక వేరు

"కృతజ్ఞత" అన్న మాటను విడదీసి చూడండి. కృతం అంటే చేసినది. జ్ఞ అంటే ఎరిగినవాడు. తనకు ఎవరు ఏం చేశారో ఎరిగి ఉండేవాడు కృతజ్ఞుడు. అంతే. ఆ మాటలో "వాళ్లకు లేదు, నాకు ఉంది" అన్న పోలిక ఎక్కడా లేదు.

మనం మామూలుగా ఏం చేస్తాం? సిగ్నల్ దగ్గర చెప్పుల్లేని పిల్లవాడిని చూస్తాం. "అమ్మయ్య, మన పిల్లలకు ఆ గతి లేదు, దేవుడి దయ" అనుకుంటాం. ఆ క్షణంలో మనసు మెత్తబడేది నిజమే. కాకపోతే అది ఊరట, కృతజ్ఞత కాదు. ఆ ఊరట నిలబడాలంటే ఎదుటివాడు అలాగే చెప్పుల్లేకుండా ఉండాలి. రేపు మనకంటే పెద్ద కారులో పోయేవాడు కనిపిస్తే అదే పోలిక మనల్ని ఏడిపిస్తుంది. పోలికతో వచ్చింది పోలికతోనే పోతుంది.

వాల్మీకి రామాయణం మొదట్లోనే, ఇన్ని గుణాలున్న మనిషి ఈ లోకంలో ఎవరున్నారని వాల్మీకి నారదుణ్ణి అడుగుతాడు. ఆ గుణాల్లో కృతజ్ఞత ఒకటి. ఆ గుణం ఎంత లోతైనదో ఉత్తరకాండలో కనిపిస్తుంది. పట్టాభిషేకం తర్వాత అందరికీ వీడ్కోలు చెప్పే వేళ రాముడు హనుమంతుడితో అనే మాటల భావం ఇది: నువ్వు నాకు చేసిన ఉపకారం తిరిగి తీర్చే అవకాశం నాకు రాకూడదు, అది నాలోనే అరిగిపోవాలి. ఎందుకంటే తిరిగి సాయం చేయాలంటే నువ్వు ఆపదలో పడాలి కదా!

ఈ ఒక్క మాట దగ్గర కాసేపు ఆగండి. తన కృతజ్ఞత చూపించుకోవడానికి కూడా ఎదుటివాడికి కష్టం రావాలని రాముడు కోరుకోలేదు. మరి మనకు కృతజ్ఞత కలగాలంటే ఎక్కడో ఎవరో పేదగా ఉండాలని అనుకోవడం ఎంతవరకు సరి?

కొండమీద మూడు బాకీలు

మాది రేణిగుంట. ముంబై, చెన్నై మధ్య నడిచే చాలా బండ్లు తిరుపతికి పోవు, మా జంక్షన్‌లోనే ఆగుతాయి. తిరుపతి ఏర్పోర్టు ఉండేది కూడా మా ఊరి పక్కనే. అందుకే "కొండకెట్లా పోవాల సామీ?" అన్న మాట వింటూ పెరిగాం. కొండకు దారి చెప్పడం మాకందరికీ వచ్చు. కొండ నేర్పేది ఏమిటో మాత్రం నాకు పెద్దయ్యాకే అర్థమైంది.

వేంకటాచల మాహాత్మ్యం కథను ఈ కోణంలో చూడండి. వైకుంఠం వదిలి భూమికి వచ్చిన శ్రీనివాసుడికి ఇక్కడ ఏమీ లేదు. ఉండటానికి చోటు లేదు, తినడానికి తిండి లేదు, పెళ్లికి డబ్బు లేదు. మన భాషలో చెప్పాలంటే ఆయన పరాయి ఊరికి వచ్చిన పేదవాడు.

చోటు ఇచ్చింది వరాహస్వామి. బదులుగా ఇవ్వడానికి శ్రీనివాసుడి దగ్గర డబ్బు లేదు. అందుకే మొదటి దర్శనం, మొదటి పూజ, మొదటి నైవేద్యం నీకే అని మాటిచ్చాడు. పుష్కరిణి గట్టున ఉన్న వరాహస్వామిని ముందు దర్శించుకుని తర్వాతే శ్రీవారి దగ్గరికి వెళ్లాలని పెద్దలు చెప్పేది అందుకే.

అన్నం పెట్టింది వకుళమాత. ద్వాపరంలో యశోదగా కృష్ణుడి పెళ్లి చూడలేకపోయానని ఆమె బాధపడితే, ఆ కోరిక తీర్చడానికే వకుళగా తన కల్యాణం ఆమె చేతుల మీదుగా జరిపించుకున్నాడని కథ. ఒక జన్మలో తాగిన పాలు ఇంకో జన్మలో గుర్తు పెట్టుకున్నాడన్నమాట. శ్రీవారి పోటులో వంటను ఈనాటికీ ఆ తల్లే చూసుకుంటుందని నమ్మకం. తిరుపతి దగ్గర పేరూరు బండ మీద ఉన్న ఆమె గుడికి 2022 జూన్‌లో మహాసంప్రోక్షణ జరిగింది. వీలైతే వెళ్లి రండి.

పెళ్లికి అప్పు ఇచ్చింది కుబేరుడు. ఆ అప్పుకు వడ్డీ ఇంకా కడుతూనే ఉన్నాడు కాబట్టే మన స్వామిని వడ్డికాసులవాడు అంటాం.

చోటు, తిండి, డబ్బు. మూడింటికీ మూడు బాకీలు. ఏడు కొండల మీద ఉన్న దేవుడు తాను ఎవరికి ఎంత బాకీ ఉన్నాడో ఒక్క రోజు కూడా మర్చిపోడు. అది ఎరుక. శతపథ బ్రాహ్మణంలో కూడా మనిషి పుట్టుకతోనే ఋణస్థుడనీ, దేవతలకూ ఋషులకూ పితృదేవతలకూ తోటి మనుషులకూ బాకీ ఉన్నాడనీ చెప్పారు. తోటి మనుషులకు ఉన్న బాకీ తీర్చే దారి వాళ్లకు చోటివ్వడం, అన్నం పెట్టడం.

అందుకే సేవ అంటే మనకు మిగిలింది ఇవ్వడం అనుకోకండి. తీసుకున్నది తీర్చడం.

పంక్తిలో పేదవాడెవరో తెలీదు

తిరుమలలో నిత్యాన్నదానం 1985 ఏప్రిల్ 6న మొదలైంది. అప్పట్లో రోజుకు రెండు వేల మందికి పెట్టేవాళ్లు. ఇప్పుడున్న మాతృశ్రీ తరిగొండ వెంగమాంబ అన్నప్రసాద భవనం 2011లో వచ్చింది. అందులో నాలుగు పెద్ద హాళ్లు, ఒకేసారి దాదాపు నాలుగు వేల మంది కూర్చుని తినొచ్చు.

ఆ పేరు ఎందుకు పెట్టారో తెలుసా? వెంగమాంబ 1730లో మన చిత్తూరు సీమలోని తరిగొండలో పుట్టారు. చిన్నతనంలోనే భర్త పోయారు. లోకం ఎన్ని మాటలన్నా స్వామినే నమ్ముకుని కొండ చేరారు. శ్రీనివాసుడి బాకీల కథ చెప్పే వేంకటాచల మాహాత్మ్యాన్ని తెలుగులో రాసింది ఆమే. ప్రతి రాత్రి ఏకాంత సేవలో ఆమె పేరున ముత్యాల హారతి ఇప్పటికీ ఇస్తారు. ఒకప్పుడు దిక్కులేని ఆడబిడ్డగా వచ్చిన మనిషిని ఆ గుడి ఇన్నేళ్లయినా రోజూ తలుచుకుంటోంది.

శ్రీవారి సేవ అని 2000లో మొదలైన పథకం కింద ఎక్కడెక్కడి వాళ్లో వచ్చి, మామూలుగా వారం రోజులు, జీతం లేకుండా పని చేస్తారు. నేనూ ఒక వారం చేశాను. నాకు పడింది వడ్డన, కూరగాయలు తరగడం. అక్కడ గమనించింది ఒకటి చెప్తాను.

హాల్లో వరసగా కూర్చున్నవాళ్లకు అన్నం వడ్డిస్తూ పోతుంటే ఎవరు ఉన్నవాళ్లో ఎవరు లేనివాళ్లో తెలీదు. సగం మంది గుండ్లు చేయించుకుని ఉంటారు. అందరికీ అదే అన్నం, అదే సాంబారు. పట్టుచీర పక్కన నేత చీర. "చాలు నాయనా" అని చెయ్యి అడ్డం పెట్టేవాళ్లలో కోటీశ్వరుడూ ఉండొచ్చు, కూలీ కూడా ఉండొచ్చు. "అమ్మయ్య, నాకు ఆ గతి లేదు" అనుకోవడానికి అక్కడ అవకాశమే లేదు. పోల్చుకోవడానికి ఎవరూ కనపడరు.

మరి ఏం కనపడుతుంది? అన్నం వెనక ఉన్న చేతులు కనపడతాయి. లారీలో కూరగాయలు పంపిన దాతలు, వాటిని దించినవాళ్లు, నా పక్కన కూర్చుని గుమ్మడికాయ తరుగుతున్న పెద్దావిడ, పెద్ద పెద్ద గుండిగలు కడుగుతున్నవాళ్లు. మూడో రోజు సాయంత్రం నేను అదే హాల్లో కూర్చుని తిన్నాను. ఆ ముద్ద నోట్లో పెట్టుకునే ముందు మొదటిసారి లెక్క వేసుకున్నాను, ఇది నా దాకా రావడానికి ఎంతమంది పని చేసి ఉంటారా అని. నాకు లెక్క తేలలేదు. సేవలో కృతజ్ఞత ఎట్లా పెరుగుతుందో నాకు తెలిసింది అక్కడే. ఎదుటివాడికి లేనిది చూసినందువల్ల కాదు, నా దాకా వచ్చింది ఎట్లా వచ్చిందో చూసినందువల్ల.

మనమూ ఒకప్పుడు ఎవరికో "విదేశమే"

ఇప్పుడు విదేశాల సంగతికి వద్దాం. మనం ఎక్కడికో వెళ్లి సేవ చేసే సంగతి తర్వాత. వేరే దేశాల వాళ్లు మన దగ్గరికి వచ్చి చేశారు, అది ముందు గుర్తు తెచ్చుకోవాలి.

చిత్తూరు వైపు ఎవరికి పెద్ద జబ్బు చేసినా పెద్దవాళ్ల నోట వచ్చే మాట "రాయవేలూరు". ఆ ఆసుపత్రిని మొదలుపెట్టింది ఐడా స్కడర్ అనే అమెరికా డాక్టరమ్మ. మగ డాక్టరు చూడకూడదన్న కట్టుబాటు వల్ల ఒకే రాత్రి ముగ్గురు ఆడవాళ్లు కాన్పు కష్టమై చనిపోవడం చూసి, ఆమె వైద్యం చదవడానికి వెళ్లింది. చదువు ముగించుకుని తిరిగి వచ్చి 1900లో ఒకే ఒక్క పడకతో వేలూరులో వైద్యం మొదలుపెట్టింది. మన అనంతపురానికి 1969లో స్పెయిన్ నుంచి వచ్చిన విన్సెంట్ ఫెర్రర్ 2009లో కన్నుమూసేదాకా అక్కడే ఉండిపోయారు. వాళ్ల మతం వేరు, మనది వేరు. చేసిన మేలు మాత్రం మన జిల్లాల్లోనే కనిపిస్తోంది. దాన్ని ఒప్పుకోవడం కూడా కృతజ్ఞతే.

మా అవ్వకు చిన్న వయసులో వేలూరులో ఆపరేషన్ అయింది. ఆమె ఆ కథ ఎప్పుడు చెప్పినా మందు గురించి చెప్పేది కాదు, బిల్లు గురించి చెప్పేది కాదు. "ఆ తెల్లదొరసాని నర్సు నా కోసం 'నొప్పిగా ఉందా' అనే మాట తెలుగులో నేర్చుకునింది" అని చెప్పేది. ఇంకో కథ కూడా చెప్పేది. ఎప్పుడో కరువు ఏడాది ఎవరో వచ్చి పాత బట్టలు పంచి, పిల్లలందరినీ నిలబెట్టి ఫొటోలు తీసుకున్నారట. "ఆ గౌను రెండేండ్లు వేసుకున్యా. ఇచ్చినోళ్ల ముఖం మాత్రం గుర్తులేదు. ఫొటో కోసం ఎండలో నిలబెట్టింది గుర్తుంది" అనేది.

మీరు నేపాల్ వెళ్లినా కెన్యా వెళ్లినా అక్కడ ఒక అవ్వ ఉంటుంది. యాభై ఏళ్ల తర్వాత ఆమె తన మనవరాలికి మీ గురించి ఏ కథ చెప్పుకోవాలి? మీ చేతిలో ఉన్నది అదొక్కటే.

వెళ్లే ముందు అడగాల్సినవి

భగవద్గీత 17వ అధ్యాయంలో దానాన్ని మూడు రకాలుగా చెప్పారు. తిరిగి ఏమీ ఇవ్వలేనివాడికి, తగిన చోట, తగిన వేళ, ఇవ్వడం ధర్మం కాబట్టి ఇచ్చేది సాత్త్వికం. ఏదో ఒకటి తిరిగి వస్తుందన్న ఆశతో ఇచ్చేది రాజసం. గౌరవం లేకుండా చిన్నచూపుతో ఇచ్చేది తామసం. ఇప్పుడు ఆలోచించండి. "నాకు కృతజ్ఞత కలగాలి, నా మనసు బాగుపడాలి" అని వెళ్తే అది కూడా ప్రతిఫలం కోరడమే కదా. అక్కడి పిల్లలు మన మనసుకు మందు కాదు.

ఈ మూడు ప్రశ్నలూ వేసుకోండి.

ఒకటి, నేను చేయబోయే పని అక్కడివాళ్లు అడిగిందేనా? మీరు నర్సు అయితే, ఇంజినీరు అయితే, ఆ పని రాని చోట నేర్పించడానికి వెళ్తే మేలు. రాని పని చేయడానికి వెళ్తే అక్కడి మేస్త్రీ కూలి పోతుంది.

రెండు, పిల్లలతో పని అయితే మరింత జాగ్రత్త. నేపాల్, కంబోడియా లాంటి చోట్ల అనాథాశ్రమాల్లో ఉన్న పిల్లల్లో చాలామందికి తల్లో తండ్రో బతికే ఉన్నారని పిల్లల సంస్థలు ఎప్పటినుంచో చెప్తున్నాయి. వచ్చే వాలంటీర్ల డబ్బు కోసమే పిల్లల్ని ఇళ్ల నుంచి తెచ్చి పెట్టే చోట్లు కూడా ఉన్నాయి. ఆస్ట్రేలియా పార్లమెంటు కమిటీ 2017లో ఆధునిక బానిసత్వం మీద ఇచ్చిన నివేదికలో ఈ విషయానికి చోటిచ్చింది. పైగా రెండు వారాలకొకసారి ఒక కొత్త అక్క వచ్చి ముద్దు చేసి వెళ్లిపోతుంటే ఆ పసి మనసు ఏమవుతుంది?

మూడు, ఫొటో తీయకపోయినా నేను వెళ్తానా? ఈ ప్రశ్నకు జవాబు ఎవరికీ చెప్పక్కర్లేదు. మీకు మీరు చెప్పుకుంటే చాలు. తైత్తిరీయోపనిషత్తులో గురువు చదువు ముగించుకుని వెళ్లే శిష్యుడికి ఎలా ఇవ్వాలో చెప్తూ, శ్రద్ధతో ఇవ్వమంటాడు, సిగ్గుతో కూడా ఇవ్వమంటాడు. ఇంతేనా నేను ఇవ్వగలిగింది అన్న సిగ్గు అది. ఆ సిగ్గు ఉన్న చెయ్యి కెమెరా వైపు తిరగదు.

మా తమ్ముడు ఈ ప్రశ్నలు తాను డబ్బు కట్టబోతున్న చోట అడిగాడు. పిల్లల తల్లిదండ్రుల సంగతి అడిగేసరికి జవాబు రావడం ఆగిపోయింది. వాడు ఆ ప్రయాణం మానుకున్నాడు. సేవ మానుకోలేదు. వాడికి వచ్చిన పని కంప్యూటరు. ఇప్పుడు శనివారాలు బెంగళూరులో వాళ్ల ఇంటి దగ్గర కట్టడం పనికి వచ్చిన మన అనంతపురం వాళ్లకు ఫారాలు నింపి పెడుతున్నాడు. పిన్నికి సంతోషమే. వాడు మాత్రం "ఇంకా నేపాల్ పోవాలనే ఉందక్కా, ఈసారి వాళ్లకు కావాల్సింది తెలుసుకుని పోతా" అంటాడు. పోనీయండి. దూరం తప్పు కాదు.

మన ఇళ్లు కట్టిన చేతులు

ఉద్యోగం మీద విదేశాల్లో ఉన్నవాళ్లకు ఒక మాట. రేణిగుంట నుంచి కడప వైపు బండెక్కితే కోడూరు, రాజంపేట, నందలూరు వస్తాయి. ఆ వైపు ఊళ్లలో ఎన్నో ఇళ్లు కువైట్ డబ్బుతో కట్టినవి. ఆ డబ్బు పంపింది అక్కడ ఇళ్లలో పనిచేసే మన అక్కలు, కారు నడిపే మన అన్నలు. బిడ్డను అవ్వ దగ్గర వదిలి, ఏళ్ల తరబడి ఇంకొకరి బిడ్డను పెంచిన తల్లులు వాళ్లలో ఉన్నారు.

మీరు కువైట్‌లోనో దుబాయ్‌లోనో సింగపూర్‌లోనో ఉంటే విదేశంలో సేవకు ఇంకో ఫ్లైట్ ఎక్కాల్సిన పని లేదు. సెలవు రోజున వాళ్ల దగ్గర కూర్చుని ఒప్పంద కాగితం చదివి చెప్పండి. ఇంటికి డబ్బు పంపడం, టికెట్ బుక్ చేయడం చూపించండి. తెలుగులో నాలుగు మాటలు మాట్లాడండి. జాలితో కాదు. మన ఊళ్లు నిలబడింది వాళ్ల చెమట మీద. అది తీర్చాల్సిన బాకీ.

ఈ వారం సాధన

1. ఒక నోటు పుస్తకం తీసుకోండి. మూడు శీర్షికలు పెట్టండి: నాకు చోటిచ్చినవాళ్లు, నాకు అన్నం పెట్టినవాళ్లు, నాకు డబ్బు సాయం చేసినవాళ్లు. రోజుకు ఒక్కో పేరు రాయండి. పేరు తెలియకపోతే "హాస్టల్ వంటాయన" అని రాసినా సరే.

2. వాళ్లలో బతికి ఉన్న ఒకరికి ఈ వారం ఫోన్ చేయండి. పని అడగడానికి కాదు, చేసింది గుర్తుందని చెప్పడానికి.

3. మీకు చేసినవాళ్లకు తిరిగి చేయలేకపోతే, అదే సాయం ఇంకొకరికి చేయండి. చోటిస్తే చోటు, అన్నమైతే అన్నం. వాళ్లు అడిగాకే చేయండి.

4. ఈసారి కొండకు వచ్చినప్పుడు ముందు వరాహస్వామి దగ్గరికి వెళ్లండి. లైను పెద్దగా ఉందని దాటేయకండి. స్వామి ఇచ్చిన మాటను ఆయన తరఫున నిలబెడుతున్నామన్న ఎరుకతో దణ్ణం పెట్టుకోండి.

వచ్చే వారం వీడియోలో వకుళమాత కథ మొత్తం చెప్పుకుందాం. అప్పటిదాకా మీ పుస్తకంలో ఏడు పేర్లైనా చేరాలి.

ఓం నమో వేంకటేశాయ.